నాయినమ్మకు చూపించిన పేరు

మా చిన్నప్పుడు... పెత్రమాసకు అందరూ ఇంట్లోనే పెద్దలకు పెట్టుకునేవాళ్లు. మేం మాత్రం మందమర్రి నుంచి రైలెక్కి పట్నం పోయేవాళ్లం. అక్కడ సైనికుల స్మారకం గోడ మీద మా కాక పేరు ఉంది. కాక అంటే బాపు తమ్ముడు, మా చిన్నాన్న. మిలిటరీలో పోయాడు. ఇంటికి ట్రంకు పెట్టె వచ్చింది కానీ మనిషి రాలేదు...

నాయినమ్మకు కొడుకు ఉన్న చోటంటే ఆ గోడే.

మొదటిసారి పోయినప్పుడు నేను మూడో తరగతి. బాపుకు బొగ్గుబాయి పని తప్ప చదువు రాదు. నాయినమ్మకు అసలే రాదు. "మా పొల్లకు ఇంగిలీసు ఒచ్చు" అని రైల్లో కనబడ్డవాళ్లందరికీ చెప్పింది. నాకొచ్చింది ఏబీసీడీలు!

అమ్మో... గోడ నిండా ఎన్ని పేర్లో! అన్నీ ఇంగ్లీషులోనే. చెప్పులు బయట విడిచాం, కింద బండ కాలుతోంది. ఆకలి, మెడనొప్పి.

"గెక్కడున్నడే నా కొడుకు?" అని నాయినమ్మ అడిగిందే అడుగుతోంది. చదవడం రాదని చెప్పడానికి సిగ్గేసింది. ఏదో ఒక పేరు మీద వేలు పెట్టేశాను.

"గిదే నాయినమ్మా."

అక్షరం అక్షరం తడిమింది. పసుపు, కుంకుమ పెట్టింది. కాకకు ఇష్టమని తెచ్చిన సర్వపిండి ముక్క కింద పెట్టింది. కాపలాయన వచ్చి "తినేటియి పెట్టద్దమ్మా" అన్నాడు.

"జర ఆగు బిడ్డా, రెండు బుక్కలు తిననీ" అంది. ఆయన అటు తిరిగి నిలబడ్డాడు.

ఇక ఏటా ఆ పేరు దగ్గరికే.

ఎనిమిదో తరగతిలో నాకు నిజంగా చదవడం వచ్చింది. అది కాక పేరు కాదు... ఎవరో పరాయి పిల్లవాడిది. కాక పేరు చాలా పైన, నాయినమ్మ చెయ్యి అందనంత ఎత్తులో ఉంది. చెబుదామనే అనుకున్నాను. అప్పటికే ఆమె "మంచిగున్నవా కొడుకా" అంటూ రాయి నిమురుతోంది. నోరు రాలేదు. ఆ తర్వాత ఏ ఏడూ రాలేదు. ఆ సంగతి తెలియకుండానే పోయింది నాయినమ్మ.

మొన్న పెత్రమాసకు మా బిడ్డతో పోయాను. అది ఫోన్‌లో ఫొటో తీసి, పెద్దగా చేసి, క్షణంలో కాక పేరు చూపించింది. మునివేళ్ల మీద నిలబడి బొట్టు పెట్టాను. కింద ఆ పిల్లవాడికీ పెట్టాను. ఏటేటా మా నాయినమ్మ చేతి ముద్ద తిన్నవాడు కదా... మా కాకకే ఒక్కసారీ అందలేదు.

మీరూ ఇలా ఏదైనా దాచారా? మీ పెద్దవాళ్లు ఉండగానే చెప్పేయండి. నేను మోసి మోసి అలిసిపోయాను... ఇప్పుడు చెబుదామంటే వినేవాళ్లు లేరు.