ఐదు వేళ్ళు

నాకు బేస్‌బాల్ ఓనమాలు కూడా తెలియవు. నొక్కినప్పుడల్లా ఒక అంకె పెరిగే ఆ చిన్న కౌంటర్‌ని కోచ్ నా చేతిలో పెట్టింది అందుకే. "ఆట తెలిసినవాళ్ళు ఆటలో పడి నొక్కడం మర్చిపోతారు, మీరైతే సరిగ్గా నొక్కుతారు" అన్నాడు ఆ పెద్దాయన. మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్ళు. జట్టులో బంతి విసిరేది తనే. ఆ వయసు పిల్లలు రోజుకి ఇన్ని బంతులకి మించి విసరకూడదని లెక్క ఉంది. మించితే మోచెయ్యి పాడవుతుంది. అందుకని విసిరిన ప్రతి బంతికీ నేను ఒకసారి నొక్కాలి. తను మధ్యమధ్యలో నావైపు చూసేది, ఇంకెన్ని మిగిలాయో వేళ్ళతో చూపించేదాన్ని.

లాక్‌డౌన్‌లో మైదానానికి తాళం పడింది. జర్మనీలో, హానోవర్‌లో మాది రెండు గదుల ఫ్లాట్. నాకూ మా ఆయనకీ హోమ్ ఆఫీస్, పిల్లకి ఆన్‌లైన్ బడి. గోడకి పరుపు ఆనించి దాని మీదకి బంతి విసురుకునేది. కింద ఫ్లాటావిడ పైకొచ్చి గొడవ పెట్టుకుంది. నోరు నాకూ ఉంది గానీ, ఆవిడతో పోట్లాడేంత జర్మన్ లేదు. ఆ కోపమంతా పిల్ల మీద చూపించి, బంతి లాక్కుని బీరువా మీద పడేశాను. అది మళ్ళీ అడగనే లేదు. నెలల తరబడి కెమెరా ఆపేసుకుని లాప్‌టాప్ ముందు కూర్చుంది. నవ్వడం మానేసింది.

ఆంక్షలు సడలించాక మొదటి మ్యాచ్. మాస్కులేసుకుని ఎడంగా కూర్చున్నాం. అది నవ్వుతూ విసురుతోంది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. చివర్లో, మావాళ్ళు ఒక్క పరుగు ముందుండగా, ఇంక ఐదు బంతులే మిగిలాయి. అవి అయిపోతే దాన్ని తప్పించి వేరే పిల్లని దింపుతారు. అది నావైపు చూసింది. ఐదు వేళ్ళు చూపించాను.

ఆ తర్వాత నా బొటనవేలు కదల్లేదు. కాసేపటికి మళ్ళీ చూసింది. మళ్ళీ ఐదే చూపించాను. ఇంకోసారి చూసింది. అప్పుడూ ఐదే. అవతలి పిల్లలకి అన్యాయం చేస్తున్నానని తెలుసు. తెలిసే చేశాను. నాలుగు బంతులు ఎక్కువైతే ఏమవుతుందిలే అనుకున్నాను, నాలుగుతో ఆగలేదు. మావాళ్ళే గెలిచారు.

మర్నాడు పొద్దున జడ వేసుకోబోతే దానికి చెయ్యి లేవలేదు.

ఆసుపత్రిలోకి ఒక్కరినే రానిస్తున్నారు. వాళ్ళ నాన్న బయటే ఆగిపోయారు. ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ ఎన్ని బంతులు విసిరావని అడిగింది. మ్యాచ్ అయ్యాక కోచ్‌కి నేను కాగితం మీద రాసిచ్చిన అంకే చెప్పింది పిల్ల. "అన్నిటికే ఇలా అవకూడదే" అందావిడ. మోచేతి దగ్గర ఇంకా పెరుగుతున్న ఎముక దెబ్బతిందిట. ఏడాదిపాటు విసరకూడదు, ఆ తర్వాతైనా విసరగలదో లేదో ఇప్పుడే చెప్పలేనంది.

ట్రామ్‌లో ఇంటికొస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసి, ఉన్నదంతా దానికి చెప్పేశాను. "ఆ చివరి బంతులకి నేను నొక్కలేదమ్మా" అన్నాను. నేనేమడిగినా జర్మన్‌లో జవాబిచ్చే పిల్ల, కిటికీలోంచి చూస్తూ తెలుగులో అంది.

"నేను కూడా లెక్కపెట్టుకున్నా మమ్మీ. నువ్వు ఐదు చూపిస్తే, నేనే తప్పు లెక్కపెట్టాననుకున్నా."