బడి చెట్లు

నా చిన్నతనంలో మా ఊరి బడిని కొబ్బరిచెట్లు నడిపేవి. ఉద్దానంలో మా ఊరు సముద్రానికి దగ్గర; గాలి ఇటు తిరిగితే కెరటాల హోరు ఇంట్లోకి వినిపిస్తుంది. ఇసకనేల కాబట్టి వరి తక్కువ, కొబ్బరి, జీడిమామిడి ఎక్కువ. చేతిలో రొక్కం ఆడే ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు గాని, కొబ్బరిచెట్టు లేని ఇల్లు మాత్రం లేదు. అందుకని మా తాతల కాలంలోనే ఎవరో బుద్ధిమంతులు ఒక కట్టుబాటు పెట్టారు. ఇంటికో చెట్టు బడికి వదలాలి. ఆ చెట్టు మొదలుకి ఛాతీ ఎత్తున సున్నంతో పట్టీ వేసేవారు. పట్టీ ఉన్న చెట్టు కాయ, కమ్మ, పీచు అన్నీ పంతులుగారివే. దొంగవాడు కూడా ఆ చెట్టెక్కడని మా నాన్న గొప్పగా చెప్పేవాడు. మా ఊరి దొంగల మీద ఆయనకు నాకంటే నమ్మకం ఎక్కువ.

పిల్లలున్న ఇల్లు, లేని ఇల్లు అన్న తేడా ఉండేది కాదు. ఊరి చివర ఒక ముసలమ్మ ఒంటరిగా ఉండేది. పిల్లాపీచూ లేరు, మొగుడు ఎప్పుడో పోయాడు. ఊరందరికీ ఆవిడ మామ్మ. బడి చెట్లన్నిటిలోకీ ఆవిడిచ్చిన చెట్టే బాగా కాసేది. ఎవరో ఆవిణ్ణి ఒకసారి ఆటపట్టించారు, నీ ఇంట్లో చదివేదెవరే అని.

“ఎవులింట్లో గుంటడు సదివితే నాకేటి? రేపు నాకు కోర్టు కాగితం వత్తే సదివి సెప్పడానికి ఊళ్ళో ఒకడుండాల కదేటి,” అంది మామ్మ.

ఇంతకంటే బాగా చదువు ఖర్చు గురించి మాట్లాడిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

ఇంటికో చెట్టు, అంతే. తలకో చెట్టు కాదు. ఒక ఇంటినుంచి ఒకడొచ్చినా నలుగురొచ్చినా పంతులుగారు అడిగేవారు కాదు. అందుకే మా ఊళ్ళో ఆడపిల్లలు కూడా బడికి వచ్చేవారు. పంపినందువల్ల అదనంగా పోయేదేమీ లేదు. మా ఇంటినుంచి నేనూ, మా అప్పా వెళ్ళేవాళ్ళం. అప్ప అంటే మా అక్క, నాకంటే నాలుగేళ్ళు పెద్దది. పంతులుగారి అరుగు మీద కూర్చుని, ఎండ తిరిగినకొద్దీ మేమూ జరుగుతూ చదువుకునేవాళ్ళం. నేను ఎక్కం తడుముకుంటుంటే అప్ప పక్కనుంచి నా కాలి బొటనవేలు నొక్కి జవాబు మెల్లిగా అందించేది.

ఒకసారి నాన్న మమ్మల్ని టెక్కలి సంతకు తీసుకెళ్ళాడు. అక్కడ గొడుగు వేసుకుని బడికి పోతున్న ఒక పంతులమ్మ కనబడింది. అప్ప సంతలో ఇంకేమీ చూడలేదు. బండిలో తిరిగి వస్తూ, “నాన్నా, నాను గూడా గొడుగెట్టుకుని బడికెల్తాను. సదవడానికి కాదు, సెప్పడానికి,” అంది. నాన్న పడీపడీ నవ్వాడు. ఊళ్ళోకి వచ్చాక ఆ మాటే పదిమందికి చెప్పుకుని మురిశాడు.

ఆ మరుసటి ఏడు బళ్ళ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మంచివాడే. అరుగు మీద అందరినీ ప్రశ్నలడిగి చివరికి అప్ప దగ్గర ఆగాడు. ఆమెతో చదివించాడు, లెక్క చేయించాడు. తరవాత నాన్నను పిలిచి చెప్పాడు.

“ఈ అమ్మాయి పరీక్షకు కూర్చుంటే తప్పకుండా ప్యాసవుతుంది. తరవాత టెక్కలిలో చదివించుకోవచ్చు. అయితే అరుగుల మీద నడిచే బడికి పరీక్షా ఉండదు, గ్రాంటూ ఉండదు. బడికంటూ ఒక పాక ఉండాలి. తర్ఫీదు పొందిన పంతులుండాలి. అప్పుడు సర్కారు సగం ఖర్చు ఇస్తుంది.”

నాన్న ఆ రోజు అన్నం సరిగా తినలేదు. తన కూతురికి పరీక్ష రావాలంటే పాక లేవాలి. పాక లేవాలంటే కలప కావాలి. కొనడానికి ఊళ్ళో ఎవరి దగ్గరా డబ్బు లేదు. మర్నాడు పెద్దలు కూర్చున్నప్పుడు ఆయనే దారి చెప్పాడు.

“ముదురు కొబ్బరి దుంగకి మించిన దూలం ఏటుంది? బడి సెట్లున్నాయి కదా. బడి సొత్తు బడికే పెడదాం. పరాయి సొమ్ము ముట్టుకోడం నేదు.”

న్యాయంగానే వినబడింది. అందరూ వెంటనే ఒప్పుకున్నారు. తన తోటలో సొంత చెట్టు కొట్టమంటే ఏ రైతుకీ చెయ్యి రాదు. బడి చెట్టంటే ఎవరిదీ కాదు, కాబట్టి అందరికీ లోకువ. పైగా మా నాన్న ఎవర్నీ మోసం చెయ్యడం లేదు. కూతురి మీద ప్రేమతో చెప్పాడు. ఆ రోజు ఆయనకు అడ్డు చెప్పిన మనిషి మామ్మ ఒక్కతే.

“పాడావుని అమ్ముకుని పాలకుండ కొంతారేట్రా? ఆ పంతులు రేపేటి తింతాడు?”

“సర్కారిత్తాది మామ్మా.”

“సగమిత్తాదన్నావు కదరా. రెండో సగం ఎవులిత్తారు?”

ముసల్దానికి చెట్టు మీద మమకారం అని నవ్వుకున్నారు. ఆవిడ మాత్రం తన చెట్టు మీద గొడ్డలి పడనివ్వలేదు. పోయేటప్పుడు కట్టుకుపోతుందా అని ఊరంతా ఆడిపోసుకున్నారు. మా అమ్మ కూడా అంది.

మిగతావన్నీ నరికేశారు. చెట్టు పడ్డప్పుడల్లా మేం పిల్లలం కేరింతలు కొడుతూ దాని తలలోని లేత మొవ్వు తినడానికి పరుగెత్తాం. కొబ్బరి మొవ్వు తియ్యగా ఉంటుంది. చెట్టు చస్తే గాని అది చేతికి రాదు. ఆ సంగతి నాకప్పుడు తెలుసు గాని పట్టలేదు.

పాక బాగా లేచింది. మా ఇంటి చెట్టు పాకను మోసే నడిమి స్తంభం, అదే నిట్రాట, అయింది. దాని మీద సున్నం పట్టీ ఇంకా అలాగే ఉంది. నాన్న లోపలికి వచ్చి ఆ పట్టీ మీద చెయ్యి వేసి, “ఇది మనదే,” అని అప్పకు చూపించాడు. అప్ప ముఖం ఆ రోజు ఎలా వెలిగిందో నేను మర్చిపోలేను.

పాత పంతులుగారికి తర్ఫీదు కాగితం లేదు. ఆయన మూట కట్టుకుని నందిగాం వైపు తన ఊరికి వెళ్ళిపోయాడు. టెక్కలి నుంచి కొత్త పంతులు వచ్చాడు. ఆయనకు జీతం రొక్కంలో కావాలి. గ్రాంటుగా జీతంలో సగం వచ్చింది. రెండో సగం దగ్గర మామ్మ అడిగిన ప్రశ్నే ఊరి ముందు నిలబడింది. చెట్లు లేవు. కొత్తగా నాటుదామని ఒకరిద్దరన్నారు గాని, నాటిన మొక్క కాపుకి రావాలంటే ఏడెనిమిదేళ్ళు పడుతుంది. పైగా పలాస స్టేషను నుంచి కాయ ఎగుమతి జోరందుకుని కొబ్బరికి ధర వచ్చింది. ఉన్న చెట్లలోంచి ఒకటి వదలమంటే, “మా ఇంట్లో సదివేవోడు ఒక్కడూ నేడు, మాకేటి పని?” అన్నారు పిల్లల్లేనివాళ్ళు. తాతలనాటినుంచీ ఎన్నడూ వినని మాట అది. దాంతో బడికి ఫీజు వచ్చింది. అది ఇంటికి కాదు, తలకింత.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా. తల లెక్కన ఫీజు అనగానే ప్రతి ఇంట్లోనూ తలలు వేరుచెయ్యడం మొదలైంది. ముందు తీసేసిన తలలన్నీ ఆడపిల్లలవే.

నాన్న అప్పను దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాడు. “ఈ ఒక్క యేడూ ఆగు తల్లీ. తమ్ముడు సిన్నోడు, ఇప్పుడు మానిపిత్తే సదువు మల్లీ అంటదు. కాయ దింపు బాగుంటే వొచ్చే యేడు నువ్వే యెల్దువు గాని.”

“పరీచ్చో?” అంది అప్ప.

“వొచ్చే యేడు,” అన్నాడు నాన్న.

వచ్చే ఏడు దింపు బాగానే ఉంది. కానీ ఫీజు పెరిగింది. ఫీజు కట్టలేక కొందరు మానేశారు. మానేసినవాళ్ళ వాటా ఉన్నవాళ్ళ మీద పడింది. ఆ బరువుకి ఇంకొందరు మానేశారు. పంతులుగారిని తిట్టి లాభం లేదు. ఆయన కొడుక్కీ టెక్కలిలో ఫీజు కట్టాలి. అది చాలక పలక, అచ్చు పుస్తకం, పరీక్ష రుసుము అంటూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. నాన్న మరి వచ్చే ఏడు అనడం మానేశాడు. అప్ప అడగడం మానేసింది.

బడి నేల వారానికోసారి పేడతో అలకాలి. ఇళ్ళకు వంతులు వేశారు. మా వంతే కాకుండా ఇరుగుపొరుగు వంతులు కూడా అప్ప అడిగి తీసుకునేది. దీనికి పని పిచ్చి అనుకునేది అమ్మ. నాకు అసలు సంగతి తెలుసు. శనివారం సాయంత్రం నల్లబల్ల తుడిచే పని నాది. నేను తుడవకుండా వచ్చేసేవాణ్ణి. ఆదివారం అప్ప తట్టతో పేడ పట్టుకుని ఒక్కతే బడిలోకి వెళ్ళేది. బల్ల మీది లెక్కలు చూసి, అలికిన తడి నేల మీద వేలితో చేసేది. తరవాత మళ్ళీ అలికేసేది. నిట్రాట పక్కన నేను కూర్చునే చోట మాత్రం జవాబు ఉంచేసేది. సోమవారానికి అది ఎండి గట్టిపడేది. నేను దాని మీద చాప పరుచుకుని కూర్చునేవాణ్ణి. ఆ విషయం మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మాట్లాడితే ఏడుపొస్తుందని నాకు భయం. ఆమెకూ అదే అయ్యుంటుంది.

ఒక సోమవారం చాప పరవబోతే నేల నున్నగా ఉంది. ఆ వారం ఎవరో వేరేవాళ్ళు అలికారు. అప్పటికే అక్కుపల్లి వైపు ఊళ్ళో అప్పకు సంబంధం కుదిరింది. మా బావ మంచి మనిషి, చిన్న తోట ఉన్నవాడు. అప్పగింతలప్పుడు నాన్న ఆమెకు ఒక గొడుగు కొనిచ్చాడు. ఎందుకిచ్చాడో నాకర్థం కాలేదు. దాన్ని చూసినప్పుడు ఆమె ముఖంలో ఏమీ లేదు. నాన్న మీద ఆ రోజు నాకొచ్చినంత కోపం మళ్ళీ రాలేదు.

నేను టెక్కలి దాకా వెళ్ళాను. అక్కడా ఏడాదికేడాది ఫీజు పెరిగి, మూడో ఏడు నేనూ దిగిపోయాను. ఇప్పుడు పలాసకు ఎండుకొబ్బరి పంపే వ్యాపారం. మా ఊరి బడి అంతకుముందే మూతపడింది. పిల్లలు తగ్గారని గ్రాంటు ఆపారు, పంతులు వెళ్ళిపోయాడు. చెదలు పట్టిన పాకను ఒక గాలివాన కూల్చేసింది. వాసాలు ఎవరికి దొరికినవి వాళ్ళు పొయ్యిలోకి తీసుకుపోయారు. మా నిట్రాట కొన్నాళ్ళు వానలో నానుతూ పడి ఉండేది. నాన్న ఆ దారిన నడవడం మానేశాడు.

మామ్మ పోయింది. ఆమె చెట్టు మాత్రం ఉంది, ఇంకా కాస్తోంది. మొన్నామధ్య జిల్లా బోర్డు మెంబరు ఒకాయన వచ్చి దాని పక్కనే సభ పెట్టాడు. ఊరు ఒప్పుకుని ఇంటింటికీ కొద్దిగా పన్ను కడితే, మిగతాది బోర్డు పెట్టుకుని ఫీజు లేని బడి పెడుతుందట. వెంటనే ఒకాయన లేచాడు. “మా ఇంట్లో సదివేవోడు నేడు బాబూ.” పాత పాటే. నేను ఉండబట్టలేక లేచి గట్టిగానే చెప్పాను. దారికి పన్ను కడుతున్నాం, ఆ దారిన రోజూ నడిచేవాడే కట్టాలనడం లేదు కదా. వంతెన దాటినవాణ్ణి మాత్రమే పట్టుకుని వంతెన ఖర్చంతా అడిగితే ఏరు ఈదేవాళ్ళే మిగులుతారు. బడి ఊరిది. దాని ఖర్చు ఊరు పెట్టాలి, సర్కారు పెట్టాలి, పిల్లల తలల మీద వెయ్యకూడదు. గొంతు పోయేదాకా చెప్పాను. అందరూ తలలూపారు. అంతా అయ్యాక వెనకనుంచి ఒక పెద్దమనిషి మామ్మ చెట్టు వైపు చూసి, “బడంటూ వత్తే బల్లలకి ఆ మాను పనికొత్తాది,” అన్నాడు. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఏదీ తేలకుండానే సభ ముగిసింది.

మర్నాడు అక్కుపల్లి వైపు కాయ చూడ్డానికి వెళ్ళి అప్ప ఇంటికి వెళ్ళాను. ఆమె వాకిలి అలుకుతోంది. ఏడేళ్ళ కూతురు పక్కన కూర్చుని చిన్న గుడ్డతో తనూ అలుకుతోంది. ఆ పిల్లకింకా అక్షరం రాదు. నేను అరుగు మీద కూర్చుని సభ సంగతంతా చెప్పాను. బోర్డు బడి రావచ్చు, వస్తే ఫీజు ఉండదు, దీన్ని మా ఇంట్లో ఉంచుకుని నేనే పంపుతాను అన్నాను.

“ఎప్పుడొత్తాది?” అంది అప్ప.

“ఊరు ఒప్పుకోవాలి. రెండు మూడేళ్ళు...”

“సెట్టు మాట సెబుతన్నావు తమ్ముడా. నాటేసరికి ఒకరు, కాసేసరికి ఒకరు. అప్పటికి దీని పెళ్ళవుద్ది.”

“ఈలోపు నువ్వు నేర్పొచ్చు కదా. నీకొచ్చింది నేర్పు,” అన్నాను.

అప్ప చెయ్యి ఆగింది. పిల్ల తడి నేల మీద వేలు పెట్టి ఏవో గీతలు గీస్తోంది. అక్షరాలేమోనని నేను వంగి చూశాను. అప్ప కూడా చూసింది. ఉత్త గీతలే.

“సగం నేర్పను తమ్ముడా. సగం నేర్సుకున్నదాన్ని నానున్నాను, సాలదేటి? ఆకలి తెలుత్తాది, కూడు దొరకదు. బడి కట్టినాక కబురెట్టు.”

ఆ మాట అని కూతురి వేలు పక్కకు తీసి, ఆ గీతల మీద మళ్ళీ అలికేసింది.