గాజులు పైకి తోసుకునే చప్పుడు

అమ్మ ఎవరి చెయ్యి పట్టుకున్నా నాడి చూస్తున్నట్టే లెక్క. మా ఇంట్లో ఆ సంగతి అందరికీ తెలుసు. నాయనకు కాఫీ గ్లాసు అందిస్తూ ఆయన మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించేది. నాకు జ్వరమొస్తే పక్కన కూర్చుని ఏదో కబురు చెబుతూనే గోడ గడియారంలో సెకన్ల ముల్లు మీద కళ్లు పెట్టేది. దానికి ముందు ఒక చప్పుడు వచ్చేది. చేతి గాజుల్ని మోచేతి వైపు పైకి తోసుకునే చప్పుడు. ఆసుపత్రిలో గాజులు వేసుకోనివ్వరు. డ్యూటీకి పోయేటప్పుడు తీసి డబ్బాలో పెట్టి, ఇంటికి రాగానే మళ్లీ వేసుకునేది. నాడి చూసేటప్పుడు అవి గలగలమనకుండా పైకి తోయడం ఆమెకు అలవాటు.

నాయన దీన్ని తమాషా చేసేవాడు. "పెండ్లిలో నా చెయ్యి అంతసేపు పట్టుకోనుంటే, ఎంత ప్రేమో అని మురిసిపోయినా. చెవి దగ్గరికొచ్చి ఏమనిందో తెలుసా? మీకు జ్వరం ఉండాది, చెప్పలేదేం అని!"

"ఉండె కదా మరి," అనేది అమ్మ. "టైఫాయిడ్ అని తేలలా? మీ అమ్మ దిష్టి తీసుకుంటా కూర్చోనుండె."

కొత్త పెళ్లికూతురు సెలవంతా ఆయన మంచం పక్కనే గడిచిందట. ఆ కథ ఎన్నిసార్లు చెప్పుకున్నా ఇద్దరూ నవ్వేవాళ్లు.

మాది తొండియార్‌పేటలో మేడమీద రెండు గదుల ఇల్లు. నాయన చూలైలో ఒక కాగితాల టోకు కొట్టులో లెక్కలు రాస్తాడు. అమ్మ మా ఇంటికి దగ్గర్లోని ఆసుపత్రిలో నర్సు. నేను ఒక్కతే కూతుర్ని, బొత్తిగా మాటలు రానిదాన్ని. బస్సు దిగాల్సిన చోటు దాటిపోతే కండక్టరుకు చెప్పలేక, తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచి వచ్చేదాన్ని. ఇంట్లో తెలుగు, బయట తమిళం; రెండింట్లోనూ నా గొంతు పైకి లేవదు. చెప్పలేనివన్నీ రాత్రికి డైరీలో రాసుకునేదాన్ని.

ఆ రోజు అమ్మకు సెలవు. నేను ముందుగదిలో డిగ్రీ పరీక్షలకు చదువుకుంటున్నాను. వంటింట్లో గాజుల చప్పుడు వినిపించింది. నాయన చెయ్యి పట్టుకుందనుకుని తలెత్తలేదు. పేజీ తిప్పబోతుంటే గుర్తొచ్చింది, నాయన కొట్టుకు పోయి చాలాసేపైంది. వంటింట్లో అమ్మ తప్ప ఎవరూ లేరు.

లేచి తలుపు దగ్గరికి పోయాను. అమ్మ పొయ్యి గట్టుకు ఆనుకుని నిలబడి ఉంది. ఎడమ మణికట్టు మీద కుడిచేతి వేళ్లు. కళ్లు గడియారం మీద. పొయ్యి మీద చారు పొంగి కారుతున్నా చూడటం లేదు. ముందురోజు మధ్యాహ్నం అమ్మ డ్యూటీ నుంచి వచ్చాక కూడా ఆ చప్పుడు వినిపించిందని, అప్పుడూ నాయన ఇంట్లో లేడని తట్టింది.

నన్ను చూడగానే అమ్మ చేతులు విడదీసి, పొయ్యి ఆపింది.

"ఏందే అట్ట చూస్తావు? గ్యాసు. నిన్నటి వడ పడలా."

"చెమట పడతా ఉంది నీకు."

"వంటింట్లో చెమట పట్టక మంచు పడతాదా?"

వాము నీళ్లు కాచుకుని తాగింది. తాగుతూ దవడ రుద్దుకుంది. పంటి నొప్పంది. ఇంతలో ఎడమచెయ్యి వేళ్లు ముడిచి తెరిచింది, మళ్లీ ముడిచింది. వార్డులో చూసినవి అన్నం తినేటప్పుడు నాకు చెప్పింది ఆమే. గుండె జబ్బు వాళ్లు ముందు దవడ నొప్పంటారని, ఆడవాళ్లయితే గ్యాసని సరిపెట్టుకుంటారని ఎన్నిసార్లు చెప్పిందో.

"అమ్మా, వార్డులో ఎవరన్నా ఇట్ట వస్తే నువ్వేం చేస్తావు?"

"వార్డులో ఉండేది పేషెంట్లు. నేను మీ అమ్మని. పోయి చదువుకో."

నేను కదలలేదు. ఏడవాలని కూడా అనిపించలేదు. గోడకు వీపు ఆనించి అక్కడే నిలబడ్డాను. కాసేపటికి నా ముఖం చూసి ఆమే విసుక్కుంది. "సెరి, పద. ఒక ఇంజెక్షన్ వేసుకోని వస్తాం. నీ భయం తీరుతాది." ఆటోలో పోతూ దారంతా డ్రైవరుతో తమిళంలో గుంటల రోడ్డు గురించి మాట్లాడింది. నేను ఆమె పెదవులే చూస్తూ కూర్చున్నాను. రంగు మారుతోందా, లేక ఎండకు అట్లా కనిపిస్తోందా తెలియలేదు.

ఆసుపత్రిలో రోగుల వాకిలి గుండా పోలేదు అమ్మ. స్టాఫ్ వాకిలి గుండా నడిచింది. ఎమర్జెన్సీలో మంచం మీద పడుకోలేదు. నర్సుల బల్ల దగ్గర, రోజూ తను కూర్చునే స్టూలు మీద కూర్చుంది. అక్కడున్న నర్సు అమ్మకన్నా చిన్నది, తమిళావిడ, అమ్మను అక్కా అనే పిలుస్తుంది.

"లీవు పెట్టి కూడా ఇక్కడికే వచ్చినావా అక్కా? ఇంట్లో పొద్దుపోలేదా?"

"ఇదో, ఇది లాక్కొచ్చింది," అంది అమ్మ నన్ను చూపించి. "సుమ్మా, ఊరికే గ్యాసు."

అందరూ నవ్వారు. డ్యూటీ డాక్టరు చిన్నవాడు. కొత్తగా చేరినప్పుడు నరం దొరక్క చేతులు వణికితే అమ్మే పక్కన నిలబడి నేర్పిందట. "మీరు చెప్పినాక ఏముంది సిస్టర్," అని, ఏ ఇంజెక్షన్ కావాలో అమ్మనే అడిగి రాసేశాడు. ఎవరూ ఆమెను తాకలేదు. ఆ గదిలో ఆమె రోగి కాదు కదా. ముప్పై మంది రోగులున్నా ముందు ఎవర్ని చూడాలో చెప్పే మనిషి. ఆమె గ్యాసంటే గ్యాసే.

ఇంకొంచెం సేపట్లో ఇంజెక్షన్ వేస్తారు. మేం ఇంటికి పోతాం. మెట్లెక్కాలి. మా ఇంటి మెట్లు నిటారుగా ఉంటాయి. ఆ మెట్ల మీద అమ్మ నాకు కనిపించింది, చెయ్యి గోడకు పట్టుకుని, వెనక్కి వాలిపోతూ. మాట బయటికి రావడానికి ముందు నాకు నా గుండె చప్పుడే వినిపించింది.

"అమ్మ తన నాడి తనే చూసుకుంటా ఉంది," అన్నాను. తమిళంలో అనాల్సింది తెలుగులో అనేశాను. ఎవరికీ అర్థం కాలేదు. మళ్లీ తమిళంలో అన్నాను, ఈసారి పక్క మంచాల మీది వాళ్లు కూడా తిరిగి చూసేంత గట్టిగా. "నిన్నటి నుంచీ. ఎవరూ చూడకుండా. గడియారం చూసి."

"దాని మాట వినబాకండి. నీడను చూసినా దడుచుకుంటాది," అంది అమ్మ.

నర్సు నవ్వు మాత్రం ఆగిపోయింది. సిరంజి ట్రేలో పెట్టేసింది. అమ్మ చెయ్యి తన చేతిలోకి తీసుకుని గాజులు పైకి తోసింది. అదే చప్పుడు. కళ్లు గడియారం మీదికి పోయాయి. లెక్కపెడుతూ ఆమె పెదవులు కదిలాయి.

"మంచం మీద పడుకో అక్కా," అంది మెల్లగా. అమ్మ ఏదో అనబోయింది. "అక్కా, పడుకో."

ఈసీజీ కాగితం సాగుతుంటే డాక్టరు ముఖం పాలిపోయింది. తర్వాత అన్నీ పరుగులే. మంచం తోసుకుపోతుంటే ఎవరో అమ్మ గాజులు తీసి నా చేతిలో పెట్టారు. ఇంకా వెచ్చగా ఉన్నాయి. తలుపు మూసేశారు.

నాయన చూలై నుంచి వచ్చేసరికి చెవి మీద పెన్సిల్ అట్లాగే ఉంది. "యాడ? ఆమె యాడ?" అని తప్ప వేరే మాట లేదు. తలుపు చూపించాను. బెంచీ మీద నా పక్కన కూర్చుని, నా చేతిలోని గాజుల మీద తన చెయ్యి కప్పాడు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఇద్దరం లేచి నిలబడేవాళ్లం. మా కోసం కాదని తెలిసి కూర్చునేవాళ్లం. చివరికి ఆ నర్సే బయటికి వచ్చింది. గుండె రక్తనాళం మూసుకుపోయిందని, తెరిచి స్టెంట్ పెట్టారని, ఇంటికి తిరిగి పోయుంటే దక్కేది కాదని చెప్పింది.

మర్నాడు లోపలికి పోనిచ్చారు. అమ్మ గొంతు గుసగుసలా ఉంది. "అంత గట్టిగా అరిచినావంటనే. పరువు తీసినావు." ఆమె వేళ్లు దుప్పటి మీద జరుగుతూ వచ్చి నా మణికట్టు మీద ఆగాయి. "నీది పరిగెత్తతా ఉండాది. నిదానం."

అమ్మ తర్వాత కొన్నేళ్లు బతికింది. డ్యూటీకి కూడా పోయింది. కానీ ఆ భయం మా ఇంట్లోనే ఉండిపోయింది. వంటింట్లో గాజులు కదిలితే నా చేతిలో పుస్తకం ఆగిపోయేది. "చపాతీ పిండి పిసకతాండానే," అని అక్కడి నుంచే కేకేసేది. పోయిన వానాకాలంలో, ఒక మధ్యాహ్నం నిద్రలో పోయింది. ఆ రోజు ఏ చప్పుడూ రాలేదు.

ఇప్పుడు ఇంట్లో నాయన, నేను. నిన్న ఆయన మెట్లెక్కి వచ్చి ఎప్పటికన్నా ఎక్కువసేపు ఆయాసపడ్డాడు. కాఫీ అందిస్తూ రెండు వేళ్లు ఆనించాను. నాడి దొరికేదాకా నాకు ఊపిరాడలేదు.

"మీ అమ్మ మాదిరి పట్టుకోబాక," అన్నాడు.

చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. నేను గడియారం వైపు తిరిగాను.