నా మొదటి క్లయింటు, మా కుక్క

ఈ ఉదయం క్యాంప్ వన్ కాలనీలో మా ఇంటి గుమ్మానికి నా పేరు, దాని కింద ‘అడ్వొకేట్’ అని ఉన్న కొత్త బోర్డు తగిలించాను. తరవాత దుర్గ్ కోర్టులో మొదటిసారి నోరు విప్పి, మా సీనియర్ నేర్పిన ఒకే ఒక్క వాక్యంతో వాయిదా అడిగాను. జడ్జిగారు తలెత్తకుండానే ఇచ్చేశారు. దీన్నే గెలుపంటారని సీనియర్ భుజం తట్టారు.

సాయంత్రం ఆ గర్వంతోనే వాకిట్లో కూర్చుని మా కుక్క మోతీ మూతి తుడుస్తుంటే, గుడ్డకు ఒక ఈక అంటుకుంది. ఏ పిచ్చుకనో పట్టిందనుకున్నాను. అంతలో పక్కింటి రైల్వే గార్డుగారి భార్య వచ్చింది.

“వకీలు బాబూ, బోర్డు సూసొచ్చాను. ఒక నోటీసు రాసియ్యాల.”

మొదటి క్లయింటు! కుర్చీ వేశాను.

“ఎవరి మీద పిన్నిగారూ?”

“నీ మీదే. నీ కుక్క నా కోడిపెట్టని తినేసింది.”

ఈకను జేబులో దాచి, నాకు వచ్చిన ఒక్క విద్యా ప్రయోగించాను. “వచ్చే వారానికి వాయిదా వేసుకుందాం పిన్నీ.”

“వాయిదాకి నా పెట్ట లేచొస్తాదేటి?”

ఈ మాట జడ్జిగారికి ఎందుకు తోచలేదో!

ఇప్పుడు బోర్డు విప్పాలా, కుక్కను కట్టాలా? మీరే చెప్పండి. ముద్దాయి మాత్రం నా నల్లకోటు మీద పడుకుని గురక పెడుతోంది.