తాబేలు చీటీ

మొన్న నంద్యాలలో మా బావి పూడిక తీయిస్తుంటే బురద గంపలో ఒక తాబేలు పైకి వచ్చింది. గట్టు మీద దించగానే దాని డిప్ప రాతికి తగిలి టక్కుమంది. పాచి వాసన కొట్టింది. పనివాళ్లు దాన్ని తిరిగి నీళ్లలో వదిలేదాకా అక్కడే నిలబడి శేషయ్యగారిని తలుచుకున్నాను. ఆయన పేరు చెప్పి ఇక్కడ ఇంకా కొందరు నవ్వుతారు. ఆ నవ్వు నాకు దక్కవలసింది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆళ్లగడ్డ బడిలో ఆయన తెలుగు పండితుడు. నేను అక్కడ కొత్తగా చేరిన ఉపాధ్యాయుణ్ణి. సెలవుల్లో ఇద్దరం ఊళ్లు తిరిగి మాటలు సేకరించేవాళ్లం. ఒక్కో మాటకు ఒక్కో చీటీ. మాట, అర్థం, చెప్పినవాళ్ల పేరు, చెబుతున్నప్పుడు వాళ్ల చేతులు ఏం చేస్తున్నాయో కూడా రాయాలి.

"చేతులెందుకు అయ్యవారూ?" అన్నానొకసారి.

"పని చేసుకుంటా చెప్పే మాటలో అబద్ధముండదప్పా. ఊరికే కూచున్నోడే కతలు అల్లుతాడు."

తాబేలు పేరు ఆయన్ను చాలాకాలం వెంటాడింది. సంస్కృతంలో కూర్మం, కచ్ఛపం, కమఠం ఉన్నాయి. పాత పుస్తకాల్లో తామేలు అని ఉంది. కన్నడం వాళ్లు తాబేలును 'ఆమె' అంటారు, అరవం వాళ్లు 'ఆమై' అంటారు. "మన పేరు యాడ నుంచి వచ్చిందో నీళ్లకాడ బతికేవాళ్లను అడగల్ల. బండి ఆత్మకూరు పక్కకు పోయిరా" అని నన్నొక్కణ్ణే పంపారు.

నంద్యాలలో బస్సు దిగాను. ఎండ మండిపోతోంది. బండి ఆత్మకూరు దాకా పోకుండా కాఫీ హోటల్లో కూర్చుని, అక్కడే చీటీ రాసేశాను: తన ఇంటిని తానే ఏలుకునేది కనుక తాబేలు. చెప్పినది ఒక ముసలామె. చేతులు వల అల్లుతున్నాయి.

అది చదివి ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఏం మాట చెప్పిందప్పా ఆ తల్లి! పేరేంది?"

"అడగడం మరిచిపోయినా."

"ఈసారి పోతే అడుగు. ఆమె పేరు లేకుంటే మనం దొంగలమైతాం."

కొన్ని నెలలకు నంద్యాలలో పండితుల సభ జరిగింది. ఆయన ఆ చీటీ చదివారు. ముందు వరసలో ఒకాయన లేచి, "ఏందయ్యవారూ, తాబేలుకు రాజ్యం కూడా ఇస్తిరే! ఎవరు చెప్పినారీ కత?" అన్నాడు. సభంతా నవ్వింది. శేషయ్యగారు నా వైపు చూశారు. నేను వంగి చెప్పు పట్టీ సర్దుకున్నాను.

ఆయన చీటీ మడిచి, "నేనే సరిగా విచారించలేదు. పొరపాటు నాదే" అన్నారు.

ఆ రోజు నుంచి ఆయన 'తాబేలు అయ్యవారు' అయ్యారు. మళ్లీ ఏ సభలోనూ మాట్లాడలేదు. తిరుగు బస్సులో నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టారు. ఆళ్లగడ్డ వచ్చేదాకా ఒక్క మాటే అన్నారు: "నిన్ను పంపిన పొద్దు ఎండ శానా ఉన్నింది గదప్పా."

నాలుగేళ్లకు ఆయన పోయారు. చీటీల పెట్టె నాకు చేరింది. తాబేలు చీటీ చించకుండా అందులోనే ఉంది. ముసలామె పేరు కోసం ఆయన గీసిన గీత ఖాళీగా ఉంది. మరుసటి వారమే బండి ఆత్మకూరు పక్కనున్న చెరువుకు నడిచాను. గట్టు మీద ఒకామె చేపలు శుభ్రం చేస్తోంది.

"తాబేలుకు ఆ పేరెందుకొచ్చిందవ్వా?"

"తాబేలును తాబేలనక ఏమంటారు నాయనా? మా యమ్మ అనింది, మేమంటాండాం. నీకేం పనిల్యాదా?"

పేరడిగితే అనుమానంగా చూసి, చివరికి చెప్పింది.

ఎండలోనే నిలబడి రాసుకున్నాను: తాబేలు. ఎందుకన్నారో తెలియదు. చెప్పినది లక్ష్మమ్మ. చేతులు చేప పొలుసు తీస్తున్నాయి.

ఆ చీటీ ఇప్పటికీ నా జేబులోనే ఉంటుంది. మడతల దగ్గర చిరుగుతోంది. దిద్ది ఇవ్వడానికి ఆయన లేరు.