సుగుణమ్మ గొంతుకు ఎంచిన స్పీకర్లు

ఒక మనిషి తాను చేయని తప్పుకు భార్య ముందర కూర్చుని ఏడుస్తుంటే, ఆ తప్పు చేసిన నేను పక్కనే నిలబడి గుడ్డతో చేతులు తుడుచుకుంటా చూసినాను. ఇన్నేండ్లుగా నేను మోస్తున్నది ఇదే. పెద్ద నేరమేమీ కాదు. దీనికి పోలీసులు రారు. ఎవరి ప్రాణమూ పోలేదు. అయినా ఇది నన్ను వదలలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పడం కుదురుతోంది.

చిత్తూరులో, వేలూరుకు పోయే రోడ్డు మీద నా అంగడి. కార్లకు స్పీకర్లు, ఆంప్లిఫైయర్లు బిగించే పని. అప్పటికి అంగడి పెట్టి ఎంతో కాలం కాలేదు. వచ్చేవాళ్ళందరికీ కావలసింది ఒకటే, కారు అద్దాలు అదరాల. డిక్కీలో పెద్ద సబ్‌ఊఫరు పెట్టి, దానికి తగిన ఆంప్లిఫైయరు తగిలించి పంపిస్తే సంతోషంగా పోయేవాళ్ళు. పాటలో మాట వినిపిస్తుందా లేదా అనేది వాళ్ళకు పట్టదు. నిజం చెప్పాలంటే నాకూ పట్టేది కాదు.

మునిరత్నమన్న అట్లాంటి పని మీద రాలేదు. బంగారుపాళ్యం పక్కన ఆయనకు మామిడితోట. పాత కారు. పక్క సీట్లో ఆయన భార్య సుగుణమ్మ, మెడ చుట్టూ పలుచని తెల్లగుడ్డ కట్టుకుని. గొంతులో గడ్డ వచ్చి వేలూరులో ఆపరేషన్ చేసినారంట. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఇంక రాదని డాక్టర్లు చెప్పేసినారంట. ఆ దినం పరీక్షకు పోయి తిరిగొస్తా నా అంగడి ముందర ఆపినారు.

అన్న తన ఫోను తీసి నా చేతిలో పెట్టినాడు.

"దీంట్లో ఈయమ్మ గొంతుండాదప్పా. కార్లో పోతా ఉంటే ఎదురుగా కూర్చోని పాడతా ఉన్నెట్టు ఇనిపించాల. దానికి ఏ స్పీకర్లు కావాల్నో నువ్వే సూడు."

ఆపరేషనుకు ముందు ఆయన రికార్డు చేసి పెట్టుకున్నవి. సుగుణమ్మ ధనుర్మాసంలో తెల్లారకముందే భజనగుడికి పోయి పాడేదంట. ఆ పాటలు కొన్ని, తోటలో కూలోళ్ళతో కలిసి పాడినవి కొన్ని, వంటింట్లో తనకు తాను పాడుకున్నది ఒకటి. వంటింటి పాట మధ్యలో ఆపేసి, "ఆ ఫోను పక్కన పెట్టయ్యా, పాలు పొంగతా ఉండాయి" అని నవ్వింది. ఆ నవ్వు కూడా రికార్డయింది.

అంగడి గోడకు ఒక పలక మీద వరసగా స్పీకర్లు బిగించి ఉండేవి, ఒకదాని తర్వాత ఒకటి మార్చి వినిపించడానికి. అలవాటు కొద్దీ ఎక్కువగా అమ్ముడుపోయే జతనే మొదట పెట్టినాను. గొంతు కుండలోంచి వచ్చినట్టు వచ్చింది. అన్న తల అడ్డంగా ఊపినాడు. ఇంకో జత పెడితే 'స' అన్న చోటల్లా చెవిలో గుచ్చుకునింది. సుగుణమ్మ మొహం చిట్లించింది. ఆ తర్వాత పెట్టింది, చెవి ఎత్తున పెట్టే చిన్న ట్వీటరు వేరుగా, తలుపులో కూర్చునే స్పీకరు వేరుగా ఉండే జత. పాట మొదలైనాక ఆమె కుర్చీలోంచి లేచి పలక దగ్గరికి వచ్చింది. పెదాలు కదిలినాయి. పాటతో పాటే, చప్పుడు లేకుండా. అన్న అది చూడలేక రోడ్డు వైపు తిరిగినాడు.

ఏ స్పీకర్లు పెట్టాలో తేలిపోయింది.

నా పని మీద నాకు మొదటిసారి ఇష్టం పుట్టిన దినం అది. సబ్‌ఊఫరు వద్దన్నాను, అది గొంతును మింగేస్తుంది. ఆంప్లిఫైయరు కూడా పెద్దది అక్కర్లేదు, ఎంత పెంచినా గొంతు చీలిపోకుండా ఉండే నాలుగు చానళ్ళది చాలన్నాను. తలుపు రేకు అదరకుండా లోపల మందపాటి షీట్లు అంటిస్తానన్నాను. ట్వీటర్లు ఇద్దరి సీట్ల వైపు తిప్పి పెడతానన్నాను. చెప్పిందంతా నిజమే. వాళ్ళిద్దరూ నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది. అంత గౌరవంగా నన్నెవరూ చూడలేదు.

పాటలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలని ఫోన్లోంచి మెమరీ కార్డు తీసి కంప్యూటరు పక్కన పెట్టినాను. అక్కడే ఇంకొకాయన కార్డు ఉంది, ఉన్నదంతా చెరిపేసి కొత్త పాటలు ఎక్కించమని ఇచ్చిపోయినాడు. రెండూ నల్లవి, గోరంత. చెరిపేయమంటావా అని కంప్యూటరు అడిగింది. చూడకుండానే నొక్కినాను. రెండో కార్డు పెట్టినాక, అందులో పాత సినిమా పాటలు కనిపించినాక, ఏం చేసినానో అర్థమైంది.

ఇంతవరకూ పొరపాటు. అది ఎవరికైనా జరుగుతుంది, దాని కోసం ఇంత రాయను. నేను చెప్పాల్సింది ఆ తర్వాత చేసింది.

చెరిపేసిన కార్డులోంచి పోయినవాటిని తిరిగి తీసేవాళ్ళు ఉంటారు. తిరుపతిలో ఒకాయన నాకు తెలుసు కూడా. కొత్తగా ఏమీ ఎక్కించకుండా అప్పటికప్పుడు తీసుకుపోతే దొరికే అవకాశం ఉంది. ఇది నాకు ఆ నిమిషంలోనే తెలుసు. కానీ అన్నకు చెప్పాల. చెబితే ఏమయ్యేది? ఆయన కొట్టే మనిషి కాదు. తిట్టేవాడు కూడా కాదేమో. మరి దేనికి భయపడినాను? చాలాసార్లు నన్ను నేను అడిగినాను. ఇప్పుడే చెప్పినానే, ఆ చూపు, అది పోతుందనుకున్నాను. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా దొరికితే బాగుండునని ఎంతగానో వెతుక్కున్నాను. దొరకలేదు.

ఖాళీ కార్డును ఫోన్లో పెట్టి ఆయనకు ఇచ్చేసినాను. పాటలు తర్వాత ఎక్కిస్తానని చెప్పి కారు తలుపులు విప్పడం మొదలుపెట్టినాను. వాళ్ళిద్దరూ అంగడి ముందర నీడలో బెంచీ మీద కూర్చున్నారు. కాసేపటికి అన్న ఫోను పట్టుకుని వచ్చినాడు. ఈడ ఏమీ కనపడలేదే అన్నాడు. నేను ఫోను తీసుకుని, వెతుకుతున్నట్టు కాసేపు అటూ ఇటూ జరిపి, అడిగినాను.

"మీరేమన్నా నొక్కినారా అన్నా?"

అబద్ధం కూడా కాదు, చూడండి. ఉత్త ప్రశ్న. ఆ మాట ముందుగా అనుకున్నది కాదు, అయినా తడబడకుండా వచ్చింది. ఆయన మొహంలో రంగు మారింది. ఇందాక ఫోను ఏందో అడిగిందని, సరే అని నొక్కినానని అన్నాడు. ఖాళీ కార్డు పెడితే ఫోను అట్లనే అడుగుతుంది. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకు తెలియదు. తిరిగి తెచ్చేదానికి యాడన్నా దారుండాదా అని అడిగినాడు. తిరుపతి ఆయన పేరు నాలుక మీదికి వచ్చింది. ఆ తిరుపతి ఆయన కార్డు చూస్తే ఎట్ల పోయిందో బయటపడుతుందేమో అనిపించింది.

"కష్టమన్నా" అన్నాను.

అన్న పోయి సుగుణమ్మ ముందర నేల మీద కూర్చున్నాడు. తానే పోగొట్టినానని చెప్పినాడు. ఆమె చాలాసేపు ఆయన్నే చూసింది. తర్వాత చీర కొంగుతో ఆయన మొహం తుడిచి, తల మీద చెయ్యి పెట్టింది. ఆ మన్నింపు నాకు రావలసింది. ఆయనకు పోయింది. ఆయనేమో దాన్ని తీసుకోలేకపోయినాడు.

మాటిచ్చినాము కదా, బిగించేయప్పా అన్నాడు. బిగించినాను. అంత బాగా మళ్ళీ ఏ కారుకూ బిగించలేదు.

ఆ తర్వాత వేలూరు పోయి వచ్చినప్పుడల్లా అంగడి దగ్గర ఆగేవాళ్ళు. కాయల కాలంలో తోటకాయలు తెచ్చి ఇచ్చేవాడు. సెట్టు ఎట్లుందని నేను అడగలేదు. ఆయనే ఒకసారి చెప్పినాడు, పెట్టబుద్ధి కాలేదని. అప్పటినుంచి ఫోను కూడా తాకడంట, ఎవరితోనన్నా మాట్లాడాలంటే సుగుణమ్మే నంబరు నొక్కి ఆయన చెవి దగ్గర పెట్టాల. చెప్తా నవ్వినాడు. పక్కన ఆమె నవ్వలేదు. అప్పుడు చెప్పి ఉండొచ్చు. పూతలపట్టులో ఒకసారి టీ అంగడి దగ్గర ఆయనొక్కడే కలిసినప్పుడు చెప్పి ఉండొచ్చు. ఎదురుపడిన ప్రతిసారీ, ఇంత ఆలస్యమైనాక ఇప్పుడెందుకు అనుకున్నాను. ఆలస్యం చేసింది నేనే, దాన్నే అడ్డం పెట్టుకున్నదీ నేనే.

పోయిన ఎండాకాలం మునిరత్నమన్న గుండె ఆగి పోయినాడు. కర్మంతరాలు అయిపోయిన చాలా దినాలకు బంగారుపాళ్యం పోయినాను. సుగుణమ్మ నడవలో ఒక్కతే కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టి కూర్చోమని సైగ చేసింది. నేను కూర్చోలేదు. కార్డు సంగతి, తిరుపతి ఆయన సంగతి, నేనడిగిన ప్రశ్న, అంతా చెప్పినాను. మధ్యలో ఆపి, నాది చిన్న వయసు, అంగడి కొత్త అని ఏదో అనబోయి మానుకున్నాను.

ఆమె ఏడవలేదు. కోపంగానూ చూడలేదు. లేచి వచ్చి నా మణికట్టు పట్టుకుని లోపల గోడకు ఉన్న అన్న ఫోటో ముందరికి తీసుకుపోయింది. నన్ను చూపించింది, ఫోటోను చూపించింది. ఆయనకు చెప్పమని.

"మీరు నొక్కలేదన్నా. నేనే" అన్నాను.

తిరిగి చూస్తే ఆమె లేదు. లోపలి గది తలుపు మూసుకుని ఉంది. కాసేపు నిలబడినాను. తలుపు తెరుచుకోలేదు. వచ్చేసినాను.

ఆమె క్షమించిందని మీకు చెప్పలేను. నేను అడగలేదు కూడా, అడిగే మొహం లేదు. ఆ పాటలు రావు, అన్న రాడు. ఆయన బతికినన్నాళ్ళూ ఆ తప్పు ఆయన మీదనే ఉండింది. ఇప్పుడు నా మీదికి వచ్చింది. నాది నా దగ్గర ఉంది. జరిగింది ఇంతే, ఇదే నాకు కొంచెం తేలిగ్గా ఉంది.