మావయ్య వంకలు పెట్టిన దీపాలు

ఎక్కడికి వెళ్ళినా, కూర్చోకముందే బయటికి దారి వెతుక్కోవడం మావయ్యకున్న జబ్బు. మేనకోడలికి ఆడపిల్ల పుట్టిందని ఆస్పత్రికి వచ్చి, పసిగుడ్డును ఎత్తుకుని, “బంగారుతల్లి! అచ్చం అమ్మమ్మ పోలికే. ఇంతకీ వెనక మెట్లు ఎటు?” అన్నాడు. క్షౌరశాలలో అద్దానికి వీపు పెట్టి తలుపుకేసి చూస్తూ కూర్చుంటాడు. ఆయన క్రాపు ఎప్పుడూ ఒక పక్కకు ఒరిగి ఉండడానికి అదే కారణం.

ఇలాంటి మహానుభావుణ్ణి బజారులో ఒక షాపుల భవనం సంఘానికి కార్యదర్శిని చేశారు. చేశారంటే, ఆ పూట మీటింగుకు ఇంకెవరూ రాలేదు. భవనం మేనేజరు ఆ మేనకోడలే. ఇంట్లో మావయ్య చాలడం లేదని ఆఫీసులో కూడా ఆయన్నే ప్రసాదించాడు దేవుడు.

అగ్నిమాపక శాఖవాళ్ళు వచ్చి చూశారు. వెనక తలుపు దాటాక మెట్లూ, సందూ రోడ్డు దాకా చీకటే. కరెంటు పోయినా బ్యాటరీ మీద వెలిగే దీపాలు నెలాఖరులోగా పెట్టకపోతే భవనానికి తాళం వేస్తామన్నారు. మామూలు మనుషులకైతే అది ఒక పూట పని.

ఎలక్ట్రీషియన్ మొదటి దీపం తెచ్చాడు. “వానకు చెక్కుచెదరదు సార్. కరెంటు పోగానే దానంతటదే వెలుగుతుంది.”

“నువ్వు చెబితే సరా? నడిచి చూడాలి,” అన్నాడు మావయ్య.

పొద్దుగుంకగానే కరెంటు మెయిన్ స్విచ్ కట్టేయించి, షాపులవాళ్ళందరినీ వెనక మెట్ల మీదుగా దింపాడు. తను మాత్రం గడియారాలు బాగుచేసే మాస్టారి చెయ్యి పట్టుకున్నాడు. “నాకు చీకటంటే చచ్చేంత భయం మాస్టారూ, వదలకండి!” అందరూ కిసుక్కున నవ్వారు. మేనకోడలు సిగ్గుతో సగం చచ్చింది.

కిందికొచ్చాక తీర్పు చెప్పాడు. “వద్దు. కళ్ళలో పొడుస్తోంది.”

రెండోది తోటల్లో పెట్టే ముచ్చటైన దీపం. “మొహాలు కనిపిస్తున్నాయి, మెట్లు కనిపించడం లేదు. మంటల్లోంచి పారిపోయేవాడు మొహాలు చూసుకుంటాడా?” మూడోది మెట్లకు బాగుంది గానీ, సందు మలుపులో గోడ నీడ పడిందట.

“ఇది దీపమా, పెళ్ళి సంబంధమా మావయ్యా? ఇన్ని వంకలేమిటి? నెలాఖరు వచ్చేస్తోంది!”

“తాళం పడితే మనమూ బయటే ఉంటాంగా, భయమేముంది?” అన్నాడాయన.

ఎలక్ట్రీషియన్ పళ్ళు నూరుకుంటూ, కాంతి కిందికి మాత్రమే పడేలా పైన రేకు మూత ఉన్న దీపాలు తెచ్చాడు. తలుపు మీద ఒకటి, మలుపులో ఒకటి బిగించాడు. మళ్ళీ మెయిన్ కట్టేశారు. మళ్ళీ ఊరేగింపు.

ఈసారి మావయ్య పై మెట్టు మీదే మాస్టారి చెయ్యి వదిలేశాడు. మాస్టారు బొటనవేలితో మెట్టు అంచు తడుముకోకుండా, గోడ పట్టుకోకుండా, చకచకా దిగి మలుపు తిరిగి రోడ్డెక్కేశాడు.

“ఇవే ఖాయం!” అని పైనుంచి కేకేశాడు మావయ్య.

మేనకోడలు ఎదురెళ్ళింది. “చీకటంటే భయమన్నావు, ఒక్కడివే నిలబడ్డావేం?”

“గట్టిగా అనకే! మాస్టారికి రేచీకటి. పగలు టేబుల్ దీపం కింద ఎంత సన్నని స్క్రూ అయినా బిగిస్తాడు. కానీ చూపు ఆనదన్న మాట పుట్టిందంటే ఆయన చేతికి గడియారం ఎవడిస్తాడు?”

“ఆయన్నే అడగొచ్చుగా, ఏది కనిపిస్తోందో?”

“అడిగాను. అన్నీ భేషుగ్గా కనిపిస్తున్నాయన్నాడు, గోడకు గుద్దుకుంటూ. అందుకే ఆ భయమేదో నాకని చెప్పాను. నాకేం పోయింది?”

ఇంతలో బట్టల షాపాయన నవ్వుకుంటూ వచ్చాడు. “మేనేజరుగారూ, మీ మావయ్యగారంత పిరికివాణ్ణి నేనెక్కడా చూళ్ళేదండీ!”

ఆమె మొహం గంభీరంగా పెట్టింది. “ఏం చెప్పమంటారండీ! చిన్నప్పట్నించీ అంతేనట. ఇప్పటికీ పొద్దుగుంకితే మా అత్తయ్య చెయ్యి పట్టుకుంటే గానీ మంచం దిగడు.”

వెనకాల మావయ్య అవునవునని తెగ తలాడించాడు. షాపాయన అటు వెళ్ళగానే ఆమె చెవిలో గొణిగాడు. “మంచం మాట కాస్త ఎక్కువైందే అమ్మాయ్!”